విషం వండేది వాళ్లు, కడిగేది మనమా?

ఈమధ్య మన పత్రిక మిత్రులు ఇద్దరు ఒక ఊరికి పోయి వచ్చారు. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే అక్కడున్న మనవాళ్లకే కష్టం. ఊరి చివర మామిడితోట, తోటలో రేకుల షెడ్డు. కోళ్లఫారం పెడతామని పట్నం నుంచి వచ్చినవాళ్లు కౌలుకు తీసుకున్నారు. ఏడాది దాటినా కోడి కూత వినపడలేదు. రాత్రి పది దాటితే వ్యాన్లు వచ్చేవి, నీలం డ్రమ్ములు దిగేవి, తెల్లారేదాకా ఘాటు వాసన కొట్టేది. ఆ వాసన మొదట తగిలింది మాదిగవాడకే. వాడకూ తోటకూ మధ్య వాగు తప్ప ఇంకేం అడ్డం లేదు. పిల్లలు దగ్గుతున్నారని, కండ్లు మండుతున్నాయని వాడోళ్లు రెండుసార్లు పంచాయతీలో చెప్పారు. "కోళ్ల మందు వాసన గదా, ఏం గాదు పోండి" అన్నారు.

ఒకరోజు పోలీసులు వచ్చారు. తాళం పగలగొట్టారు. తెల్లపొడి సంచులు కట్టుకున్నారు, యంత్రాలకు సీలు వేశారు, ముగ్గుర్ని పట్టుకుపోయారు. పేపర్లో ఫోటో వచ్చింది, కోట్ల విలువని లెక్క వచ్చింది. పట్టుకుపోయిన ముగ్గురిలో ఒకడు నెల జీతానికి కాపలా ఉన్న మన వాడ పిల్లగాడే. తోట యజమాని మాత్రం "కౌలుకిచ్చిన, నాకేం తెలుసు" అంటూ ఊళ్లోనే తిరుగుతున్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే మేం ఈ సంపాదకీయం రాయాల్సిన పని లేదు. అసలు కథ పది రోజుల తర్వాత మొదలైంది. షెడ్డు ఖాళీ చేయాలి, వాసన పోవాలి, డ్రమ్ములు తీసేయాలి. పంచాయతీ నుంచి కబురు వచ్చింది. ఎవరికి వచ్చింది? తోట యజమానికి రాలేదు. విషం వండినవాళ్లకు రాలేదు. పంచాయతీలో సఫాయి పనిచేసే ఇద్దరు మాదిగ ఆడవాళ్లకు, ఒక మాల పిల్లగానికి వచ్చింది. చేతికి చీపుర్లు ఇచ్చారు, రెండు బస్తాల బ్లీచింగ్ పౌడర్ ఇచ్చారు. గ్లౌజులు లేవు, బూట్లు లేవు, మొహానికి కొంగే అడ్డం.

"ఏం మందు అది అని అడిగిన అన్నా. నీళ్లు కొట్టి ఊడ్చెయ్, పొడి చల్లు, ఏం గాదు అన్నరు. పొడి చల్లంగనే పచ్చటి పొగ లేసింది. కండ్లు కనపడలె. దమ్ము ఆడలె. ఉరికొచ్చి పొలంల పడ్డ. ఇగో, నెల దాటింది, ఇంకా దగ్గు పోలె" అని ఆ అక్క మనవాళ్లతో చెప్పింది. కడిగిన నీళ్లు వాగులోకి పోయాయి. ఆ వాగు పక్క చెలిమె నీళ్లే వాడ వాడుకునేది. డ్రమ్ముల్లో మంచిగున్నవి నాలుగు వాడలోకే వచ్చాయి, నీళ్లు పట్టుకోవడానికి. "గట్టి డ్రమ్ములు, కొంటె వెయ్యి రూపాయలు" అని ఎవరో పుణ్యానికి ఇచ్చినట్టు ఇచ్చారు.

ఇదీ మన స్థానిక ప్రభుత్వాల విధానం. కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. రాయాల్సిన పని లేదు. ఊళ్లో ఏ మురికి పుట్టినా ఎవరు ఎత్తాలో కులం ఎప్పుడో రాసిపెట్టింది. చచ్చిన గొడ్డయినా, పాయిఖానా అయినా, ఇప్పుడు కొత్తగా వచ్చిన రసాయన విషమైనా ఆ రాతే అమలవుతోంది.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి మేడ మీద అల్ప్రాజోలం తయారు చేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. కింద పిల్లలు అ ఆలు దిద్దుతున్నారు, పైన మత్తుమందు ఉడుకుతోంది. అదే నెలలో చర్లపల్లి పారిశ్రామికవాడలో మెఫెడ్రోన్ తయారీని మహారాష్ట్ర పోలీసులు వచ్చి పట్టుకున్నారు. అక్కడ దొరికిన రసాయనాలు వేల లీటర్లు. ఇట్లాంటివి మూతపడ్డ ఫ్యాక్టరీల్లో, అద్దె గోదాముల్లో, ఊరి బయటి షెడ్లలో ఏటా బయటపడుతూనే ఉన్నాయి. పట్టుకున్నవాళ్లను మేం తప్పుబట్టడం లేదు. పట్టుకున్న మర్నాటి సంగతే అడుగుతున్నాం. ఆ బడి గోడలను ఎవరు కడిగారు? ఆ మోరీలోకి ఏం పోయింది? ఆ మోరీలోకి దిగేది ఎవరు? ఈ ప్రశ్నలకు ఏ పేపర్లోనూ జవాబు రాలేదు.

ఇక్కడే ఎందుకు పుడుతున్నాయి ఇవి? 1961లో పుట్టిన ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చినవాళ్ల చేతుల మీదుగా జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు చుట్టూ వందల కంపెనీలు లేచాయి. దేశానికి మందులు ఇచ్చిన గడ్డ ఇది, అది మనం కాదనం. కానీ ఆ కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయి. రియాక్టర్లు ఉన్నాయి, డ్రయ్యర్లు ఉన్నాయి, పని తెలిసినవాళ్లు ఉన్నారు, రసాయనాలు బజార్లో దొరుకుతున్నాయి. లైసెన్సు ఉన్నప్పుడే ఈ గడ్డ నీళ్లు ఏమయ్యాయో చూడండి. నక్కవాగు ఎర్రబడింది, మంజీరలో కలిసింది. పటాన్‌చెరు రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ ప్రాంతపు మందుల కంపెనీల మురుగు శుద్ధిచేసే చోట నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చువేశారు. శుద్ధి చేసిన తర్వాత ఉన్న లెక్క అది! లైసెన్సున్నవాళ్ల సంగతే ఇట్లా ఉంటే, దొంగతనంగా రాత్రిపూట వండేవాడు మిగిలిన నీళ్లు ఎక్కడ పారబోస్తాడు? బోరుగుంతలో పోస్తాడు, వాగులో పోస్తాడు, మన అసైన్డు భూమిలో పోస్తాడు. దొరల పట్టా భూమిలో ఎవడూ పోయడు.

ఆ అల్ప్రాజోలం పోయేది ఎక్కడికి? పబ్బులకు పోయే డ్రగ్సు గురించి టీవీల్లో రోజూ చూస్తున్నాం. అల్ప్రాజోలం ఆ బాపతు కాదు. అది కల్లుసీసాలోకి పోతుంది. డాక్టరు చీటీ మీద నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మందు అది. చెట్టు నుంచి దిగే కల్లు తక్కువ, డిపోలో అమ్మే కల్లు ఎక్కువ. ఆ తేడాను నీళ్లతో, శాక్రిన్‌తో, మత్తుమందుతో నింపుతారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. తాగేది ఎవరు? పొద్దంతా నాట్లేసి నడుం విరిగిన కూలి మనిషి, ఇటుకబట్టీల చాకిరీ చేసి వచ్చినవాడు, మోరీలు ఎత్తినవాడు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చచ్చిపోయారు, ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. చచ్చింది కూలీనాలీ జనమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రాణాలకు తెగించి తాటిచెట్టు ఎక్కే గౌడన్న మనకు శత్రువు కాదు. చెట్టు మీది నుంచి పడి నడుములు విరిగేది ఆయనకే, కల్తీకల్లు వల్ల పేరు చెడేదీ ఆయనకే. చెట్టు ఎక్కనివాడు, మోకు పట్టనివాడు, డిపోలు పట్టుకుని లాభాలు లెక్కబెట్టుకునేవాడు వేరే ఉన్నాడు. దళితులకూ గౌడులకూ మధ్య ఈ విషయం మీద కొట్లాట పెట్టాలని చూసేవాళ్లుంటారు. ఆ ఉచ్చులో మనం పడొద్దు.

కాబట్టి లెక్క చూడండి. విషం వండేటప్పుడు వాసన పీల్చింది మనం. కల్లుసీసాలో తాగింది మనం. కాపలా ఉండి జైలుకు పోయింది మన పిల్లలు. ఆఖరుకు ఊడ్చి కడిగి దగ్గేది కూడా మనమే. లాభం ఒక్కటే మనది కాదు.

చట్టం ఏం చెబుతోంది? 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం చాలా గట్టిది. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటి దొరికితే అది వాణిజ్య పరిమాణం, 10 నుంచి 20 ఏళ్ల జైలు. 37వ సెక్షన్ అడ్డం నిలబడుతుంది కనుక బెయిలు రావడం మహా కష్టం. కాపలా పిల్లగాడికి ఈ సెక్షన్ గోడలా నిలబడుతుంది. జాగా ఇచ్చిన యజమాని మీద కూడా 25వ సెక్షన్ ఉంది, కానీ అందులో "తెలిసీ" ఇచ్చాడని రుజువు కావాలి. తెలియదన్న ఒక్క మాటతో ఆసామి బయట ఉంటాడు. ఇక పట్టుబడ్డ మత్తుమందును ఎట్లా నాశనం చేయాలో 52ఏ సెక్షన్ చెబుతుంది. మత్తుమందు గురించి చెబుతుంది, దాని తయారీకి వాడే నియంత్రిత రసాయనాల గురించి చెబుతుంది, పట్టుబడ్డ బండి గురించి కూడా చెబుతుంది. గోడల గురించి, నేల గురించి, మోరీ గురించి, బావి గురించి ఒక్క మాట చెప్పదు. పోలీసు పని సాక్ష్యంతో అయిపోతుంది. మిగిలింది పంచాయతీ నెత్తిన పడుతుంది. పంచాయతీ దాన్ని తీసుకొచ్చి మన నెత్తిన పెడుతుంది.

పంచాయతీకి ఎవరున్నారు? 2019లో వచ్చిన 51 నెంబరు జీవో ప్రకారం తెలంగాణ పంచాయతీ సిబ్బంది అందరూ మల్టీపర్పస్ వర్కర్లు. ఊడ్చేవాడే ట్రాక్టరు నడపాలి, బుగ్గలు వేసేవాడే మోరీ తీయాలి. నెలకు పదివేలు కూడా నిండని జీతానికి అన్ని పనులూ చేయాలి. ఆ 'అన్ని పనుల'లో ఇప్పుడు రసాయన విషం కడగడం కూడా చేరింది. మున్సిపాలిటీల్లో అయితే ఔట్‌సోర్సింగ్. మనిషి చస్తే ఏజెన్సీ మున్సిపాలిటీని చూపిస్తుంది, మున్సిపాలిటీ ఏజెన్సీని చూపిస్తుంది.

ఆ షెడ్లలో ఉండేది మామూలు చెత్త కాదని అందరికీ తెలియాలి. యాసిడ్లుంటాయి, క్షారాలుంటాయి, టోలీన్, అసిటోన్ వంటి మండే ద్రావకాలుంటాయి. ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువు. గుంతల్లో, మోరీల్లో, సంపుల్లో నిలబడుతుంది. బీడీ అంటిస్తే చాలు భగ్గుమంటుంది. లోపలికి దిగినవాడికి స్పృహ తప్పుతుంది, అతన్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. పొడి గాలిలో లేస్తే పీల్చినవాళ్లకు మత్తు కమ్ముతుంది. ఇక మన పంచాయతీలకు అన్ని రోగాలకూ ఒకటే మందు, బ్లీచింగ్ పౌడర్. యాసిడ్ పడ్డ నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికులను చంపడానికి వదిలింది ఆ గ్యాసునే. ఆ ఊళ్లో మన అక్క చెప్పిన పచ్చపొగ అదే అయి ఉంటుంది. తెలిసి చల్లమన్నారా, తెలియక చల్లమన్నారా? తెలియక అన్నారనే అనుకుందాం. ఆ షెడ్డులోకి తమ ఇంటి ఆడపడుచును పంపాల్సి వస్తే, అది ఏం మందో ముందు తెలుసుకునేవాళ్లు కాదా?

నీళ్ల సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచింది చవదార్ చెరువు నీళ్ల కోసమే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. అది మొదలైంది కూడా నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి బక్కెట్టు కడగొద్దన్నందుకే ఆ ఘోరం. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. ఇవాళ బక్కెట్టు స్థానంలో డ్రమ్ము వచ్చింది. కుడితి స్థానంలో యాసిడ్ వచ్చింది. మన తాగునీళ్లు ఇతరుల మురికికి పారుదల కాలువ అనే బుద్ధి మాత్రం మారలేదు.

అందుకే మనం అడిగేది దయ కాదు, చట్టం. మన చేతిలో ఉన్న చట్టాలు ఏవో తెలుసుకుందాం.

ఒకటి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016. ఆవరణ ఎవరి అదుపులో ఉందో, వ్యర్థం ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లే దానికి బాధ్యులు. పర్యావరణానికీ ఇతరులకూ జరిగిన నష్టం వాళ్లే భరించాలని 23వ నిబంధన చెబుతోంది. ఇటువంటి వ్యర్థం చీపురుతో ఊడ్చి పెంటకుప్పలో పోసేది కాదు. హైదరాబాద్‌కు దుండిగల్‌లో, విశాఖకు పరవాడలో దీనికోసమే కట్టిన కేంద్రాలున్నాయి. అనుమతి ఉన్న బండిలో, కాగితాలతో అక్కడికి పోవాలి.

రెండు, 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు. మన సంఘాలు బాగా చదవాల్సిన కాగితం ఇది. స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ తనంతట తాను, లేదా జనం ఫిర్యాదు మీద, కలుషితమైందని అనుమానమున్న స్థలాలను జాబితాకు ఎక్కించాలి. ఆరునెలలకోసారి ఆ జాబితా పైకి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో మొదటి పరిశీలన చేయాలి. కలుషితమని తేలితే శుద్ధి ఖర్చు కలుషితం చేసినవాడు పెట్టుకోవాలి. వాడు దొరక్కపోతే, వాడి దగ్గర లేకపోతే ప్రభుత్వాలు పెట్టుకోవాలి. సఫాయి కార్మికులు ఊపిరితిత్తులతో పెట్టుకోవాలని ఎక్కడా లేదు. "ఇవి పెద్ద ఫ్యాక్టరీలకు గానీ మామిడితోట షెడ్డుకు కాదు" అని ఆఫీసర్లు అంటారు. మన జవాబు ఒక్కటే: రసాయనం లైసెన్సున్న కంపెనీ నుంచి వచ్చిందా, దొంగ షెడ్డు నుంచి వచ్చిందా అని నేల అడగదు, నీళ్లు అడగవు.

మూడు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. 2015 సవరణ తర్వాత 3(1)లోని బి క్లాజు ప్రకారం దళితుల ఇంటి ఆవరణలో, గుమ్మం దగ్గర హానికర పదార్థాలు పారేయడం నేరం. ఎక్స్ క్లాజు ప్రకారం దళితులు మామూలుగా వాడుకునే నీటివనరును పాడుచేయడం నేరం. ఈ క్లాజుల కింద ఎందరు ఎస్సైలు కేసు రాసుకుంటారో మనకు తెలుసు. రాయకపోతే ఎస్పీకి రాయాలి, అక్కడా కాకపోతే కోర్టుకు పోవాలి.

నాలుగు, 2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల చట్టం. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అన్నది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. డ్రగ్ షెడ్డు కడుగుతూ చనిపోతే? "అది మోరీ కాదు, సెప్టిక్ ట్యాంకు కాదు" అని తప్పించుకుంటారు. ఈ సందు మూయించాలి.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారని అడిగేవాళ్ల కోసం ఒక ముచ్చట. అమెరికాలో మెథాంఫెటమిన్ అనే మత్తుమందు ఇళ్లలోనే వండే జబ్బు ముదిరింది. అక్కడి పర్యావరణ సంస్థ 2009లో ఆ ఇళ్లను ఎట్లా శుద్ధి చేయాలో మార్గదర్శకాలు వేసింది. కాలిఫోర్నియాలో 2005 నాటి చట్టం ప్రకారం స్థానిక ఆరోగ్య అధికారి ఆ ఇంటికి నోటీసు అంటిస్తాడు. పరీక్షలు అయ్యి శుభ్రమని తేలేదాకా ఎవరూ ఉండటానికి లేదు. ఖర్చు యజమానిది. ఆయన చేయకపోతే ప్రభుత్వమే చేయించి ఆ ఆస్తి మీద బాకీ రాస్తుంది. అమెరికా స్వర్గమని మేం అనడం లేదు, అక్కడా అద్దెకున్న పేదలే ముందు రోడ్డున పడతారు. కానీ కడిగే పనికి శిక్షణ కావాలని, కడిగిన తర్వాత పరీక్ష కావాలని, దుడ్లు ఆస్తిపరుడే పెట్టాలని రాసుకున్నారు. మన దగ్గర ఆ మూడు మాటలూ రాయడానికి ఏం అడ్డం? ఇక్కడ కడగడానికి అగ్గువకు దొరికే ఒక కులం ఉంది. అదే అడ్డం.

ఇంకో సంగతి. శుద్ధి అంటే గోడలూ నేలా ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి ఆ మందు తాగిన మన ఒళ్లు కూడా. ఒకేసారి ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో కల్తీకల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులు ఇట్లాంటివాళ్లతో నిండిపోయాయి. పిచ్చి లేచిందని, దయ్యం పట్టిందని అనుకున్నవాళ్లున్నారు. అది దయ్యం కాదు, మందు ఆగినందుకు వచ్చే జబ్బు. డాక్టరు చూసి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. దాడి చేసేముందు ఆస్పత్రికి చెప్పని ప్రభుత్వం, సీసాలు పగలగొట్టి జనాన్ని గాలికి వదిలేసినట్టే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు అందులో ముందు నడిచింది మన వాడల ఆడవాళ్లు. 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది వాళ్ల పోరాటమే. ఆ తెగువ ఈ విషం మీద కూడా చూపాలి. కానీ తాగినవాడిని కొట్టడం కాదు, బతికించడం మన పని కావాలి.

మా డిమాండ్లు ఇవి:

1. డ్రగ్ తయారీ పట్టుబడ్డ ఏ షెడ్డులోకీ, ఏ ఇంట్లోకీ పంచాయతీ, మున్సిపల్ సఫాయి కార్మికులను పంపొద్దు. శిక్షణ, సామగ్రి ఉన్నవాళ్లతోనే, కాలుష్య మండలి ముందుండి చేయించాలి. దీని మీద రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి.

2. శుభ్రమని పరీక్షలో తేలేదాకా ఆ జాగాకు సీలు ఉండాలి. ఏం దొరికిందో, ఏం ప్రమాదమో తెలుగులో బోర్డు పెట్టాలి.

3. ఖర్చు విషం వండినవాడిది, జాగా యజమానిది. నిందితుల జప్తు ఆస్తి నుంచి మొదటి వాటా శుద్ధికీ, జబ్బు పడ్డవాళ్ల వైద్యానికీ పోవాలి.

4. చుట్టుపక్కల బావులు, బోర్లు, చెలిమెలు పరీక్షించి ఫలితం గ్రామసభలో చదవాలి. అప్పటిదాకా వాడకు ట్యాంకరు నీళ్లు ఉచితంగా పంపాలి.

5. రసాయన డ్రమ్ములు అక్కడే లెక్కరాసి నాశనానికి పంపాలి. ఒక్క డ్రమ్ము కూడా వాడలోకి రావొద్దు.

6. ఇప్పటికే కడిగినవాళ్లకు ఉచిత వైద్యం, పనికి పోలేని రోజులకు జీతం, చనిపోతే 30 లక్షలకు తక్కువ కాకుండా పరిహారం.

7. కల్తీకల్లు ఉన్న ప్రతి మండలంలో మందు మాన్పించే వైద్యం అందుబాటులోకి తేవాలి.

ఇక సంఘాలు చేయాల్సిన పని. తెలంగాణలో పంచాయతీలు దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతిలో నడిచాయి. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యి సర్పంచులు వచ్చారు. రిజర్వు సీట్లలో గెలిచిన మనవాళ్లూ ఉన్నారు. కుర్చీ మనది, కలం కార్యదర్శిది, మాట దొరది అన్నట్టు ఉండొద్దు. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఆ సభలో రెండు తీర్మానాలు చేయించండి. ఒకటి, మా ఊరి సఫాయి కార్మికులు ఎవరూ రసాయన వ్యర్థం ముట్టరు. రెండు, ఊరి భూముల్లో కౌలుకిచ్చిన ప్రతి షెడ్డులో ఏం జరుగుతుందో పంచాయతీ చూసి రాయాలి. అట్లాంటి షెడ్డు ఇదివరకే బయటపడి ఉంటే, 2025 నిబంధనల కింద దాన్ని జాబితాకు ఎక్కించమని మూడో తీర్మానం చేసి కలెక్టరుకు, కాలుష్య మండలికి పంపండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఆఫీసులో పుట్టదు.

అనుమానం వస్తే మీరు లోపలికి పోవద్దు. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి తేవద్దు. నీళ్లు కొట్టొద్దు, బ్లీచింగ్ చల్లొద్దు. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి ఎదురుగా దూరం జరగండి. తేదీ, టైము, బండ్ల రాకపోకలు రాసుకోండి. 112కు చెప్పండి, పదిమంది సంతకాలతో కాగితం కూడా ఇవ్వండి. ఒక్కరే పోతే ఆ ఒక్కరి మీద కక్ష కడతారు. వాడంతా పోతే అది ఫిర్యాదు అవుతుంది. మన పిల్లలకు కూడా చెప్పండి. రాత్రి కాపలాకు రెండింతల జీతం ఇస్తానన్నవాడు ఎందుకిస్తున్నాడో అడగాలి. పదేళ్ల జైలు పిల్లగాడిది అవుతుంది, పైసలు వాడివి అవుతాయి.

సఫాయి అక్కలారా, అన్నలారా! "పోకపోతే నౌకరీ పోతది" అని భయపెడతారు. ఆ భయం నిజమే, ఇల్లు నడవాలి. అందుకే ఒంటరిగా కాదనవద్దు, కలిసి కాదనండి. "ఏం మందో కాగితం మీద రాసియ్యండి, గ్లౌజులూ మాస్కులూ బూట్లూ ఇయ్యండి, సంతకం పెట్టండి" అని అడగండి. ఆ సంతకం పెట్టడానికి ఏ కార్యదర్శి చెయ్యీ లేవదు. అక్కడితోనే వాళ్లకు తెలుస్తుంది అది చీపురు పని కాదని.

ఆ ఊరి అక్క మనవాళ్లు వచ్చేటప్పుడు అడిగిందట: "మళ్ల పిలిస్తే ఏం జెయ్యాలె అన్నా?" మేం ఈ సంపాదకీయం రాసింది ఆ ప్రశ్నకు జవాబుగానే. పోవద్దు అక్కా. నువ్వొక్కదానివే పోననడం కాదు, మనమంతా పోమని చెబుదాం. ఎవడు వండాడో వాడే కడగాలె. వాడు కడగకపోతే వాడి ఆస్తి అమ్మి కడిగించాలె. మన చెలిమెలో నీళ్లు మళ్లీ తాగేట్టు అయ్యేదాకా అడుగుతూనే ఉండాలె.

జై భీమ్.